మార్చుకునే అల్లిక సూదుల సెట్: ఒకేసారి నాలుగైదు పనులు నడిపేవారి కోసం ఒక సమీక్ష

చేతిలోని అల్లిక పూర్తిగా ముగిసేవరకు మరొకటి ముట్టుకోనివారు కొందరు ఉంటారు గానీ, చాలామంది దగ్గర ఎప్పుడు చూసినా మూడు నాలుగు పనులు సగంలో ఉంటాయి. అది నిలకడలేనితనం కాదని నా గట్టి నమ్మకం. జాలీ డిజైను శాలువాకు మంచి వెలుతురూ, లెక్క తప్పనివ్వని ఏకాగ్రతా కావాలి. సాదా స్వెట్టర్‌ను పక్కవారితో మాట్లాడుతూ కూడా అల్లుకోవచ్చు. దుప్పటి సగానికి వచ్చేసరికి బరువెక్కి కూర్చున్న చోటి నుంచి కదలనివ్వదు కాబట్టి, బయటికి వెళ్లేటప్పుడు సంచిలో వేసుకోవడానికి మేజోళ్ల వంటి చిన్న పని ఒకటి ఉండాల్సిందే. ఇలా ఒక్కో పనికి ఒక్కో వేళ కుదురుతుంది గనుక, అన్నీ కొంచెం కొంచెంగా ముందుకు సాగడమే చాలామందికి సహజమైన పద్ధతి. ఈ పద్ధతికి అడ్డు తగిలేది ఓపిక లేకపోవడం కాదు, సూదులు. ఆ ఇబ్బందిని, మొనలు ఊడదీసి మార్చుకునే సర్క్యులర్ సూదుల (రెండు మొనల మధ్య తీగ ఉండే సూదుల) సెట్ ఎంతవరకు తీరుస్తుందో, ఎక్కడ తీర్చలేదో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందు ఇబ్బంది ఎక్కడుందో చూద్దాం. ఒక్క కొక్కెంతో అల్లే క్రోషేలో ఎప్పుడైనా తెరిచి ఉండేది ఒకే ఒక్క ముడి. కొక్కేన్ని తీసేసి, ఆ ముడికి మూతపడే మార్కర్ (గుర్తుగా తగిలించే చిన్న రింగు) ఒకటి తగిలిస్తే పని ఎన్నాళ్లైనా భద్రంగా ఉంటుంది, కొక్కెం ఇంకో పనికి దొరుకుతుంది. క్రాస్ స్టిచ్‌లో అయితే దారాన్ని గుడ్డ అంచున ఆపి, ఫ్రేము విప్పి మడతపెట్టుకోవచ్చు. రెండు సూదిమొనలతో అల్లే నిట్టింగ్‌లో ఆ వీలు లేదు. వరుసలో ఉన్న కుట్లన్నీ, అవి ఎనభై కానీ మూడువందలు కానీ, సూది మీద తెరుచుకునే ఉంటాయి. సూది లాగేస్తే అన్నీ జారిపోతాయి. అందువల్ల మొదలుపెట్టిన ప్రతి పనీ ఒక జత సూదుల్ని తన దగ్గరే ఉంచేసుకుంటుంది. 4 మి.మీ. సూదులు స్వెట్టర్‌లో ఉన్నంతకాలం 4 మి.మీ. అడిగే ఇంకో పని మొదలుపెట్టాలంటే మళ్లీ ఒక జత కొనాలి, లేదా ఆ కుట్లన్నిటినీ మొద్దుమొన సూదితో వేరే నూలు పోగు మీదికి ఎక్కించి, తిరిగి వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా సూది మీదికి తెచ్చుకోవాలి. సన్నని జాలీ శాలువాకు ఈ పని చేసినవారెవరూ రెండోసారి ఇష్టంగా చేయరు.

మార్చుకునే సెట్‌లో ఉండేవి స్థూలంగా ఇవి: సుమారు 3.5 మి.మీ. నుంచి 8 మి.మీ. వరకు వేర్వేరు లావుల్లో చిన్న సూదిమొనల జతలు, వాటిని తగిలించడానికి రెండు చివరలా మర ఉన్న కేబుళ్లు, మర బిగించే చిన్న పిన్ను, కేబుల్ చివర సూది స్థానంలో బిగించే స్టాపర్లు, కొన్ని సెట్‌లలో రెండు కేబుళ్లను కలిపే కనెక్టర్లు. రెండు మొనల మధ్య తీగ ఉన్న సర్క్యులర్ సూది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో దానికి మొదటి పేటెంటు 1918లోనే వచ్చింది. తీగనూ మొననూ విడదీయడం మాత్రం వస్తువు స్వభావాన్నే మార్చేసింది. నేను వాడుతున్నది చెక్క మొనలు, నైలాన్ కేబుళ్లు, మర బిగింపు ఉన్న రకం. ఇదే అమరికను చాలా కంపెనీలు దాదాపు ఒకే తీరుగా తయారు చేస్తున్నాయి కాబట్టి, ఇక్కడ చెప్పేది ఒక పేరు గురించి కాదు, ఆ అమరిక గురించి.

సెట్ కొనేవారి చూపు సహజంగా మొనల మీద, అవి ఎన్ని సైజుల్లో ఉన్నాయనే దాని మీద నిలుస్తుంది. నా అనుభవంలో దాని అసలు విలువ కేబుళ్లలోనూ, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ స్టాపర్లలోనూ ఉంది. పని ఆపాలనుకున్నప్పుడు వరుస చివరిదాకా అల్లి, కుట్లన్నిటినీ కేబుల్ మధ్యలోకి జరిపి, కేబుల్ చివర ఉన్న లోహపు గొట్టంలోని సన్నని రంధ్రంలో పిన్ను దూర్చి పట్టుకుని మొనను ఎడమకు తిప్పితే అది ఊడి చేతిలోకి వస్తుంది. ఆ చోట స్టాపర్ బిగిస్తే సరి. రెండో వైపూ అంతే. ఇప్పుడు కుట్లన్నీ సూదికంటే సన్నని కేబుల్ మీద, ఎటూ సాగకుండా, జారకుండా ఉంటాయి. పనిని మడిచి సంచిలో పెట్టేయవచ్చు. విడిపోయిన మొనలు ఆ క్షణం నుంచి మరో పనికి సిద్ధం. తిరిగి మొదలుపెట్టేటప్పుడు స్టాపర్లు విప్పి మొనలు తగిలిస్తే, ఎక్కడ ఆగామో సరిగ్గా అక్కడి నుంచే చేయి సాగుతుంది. ఒక్క కుట్టునూ ముట్టుకోవలసిన అవసరం లేదు. ఆగిన పనిని తిరిగి ఎత్తుకోవడానికి మనసు వెనకాడే కారణాల్లో సగం ఈ మొదటి ఇబ్బందే కాబట్టి, దాన్ని తొలగించడం చిన్న మేలు కాదు.

కనెక్టర్ల ఉపయోగం స్వెట్టర్ అల్లేటప్పుడు తెలుస్తుంది. మెడ నుంచి కిందికి అల్లే స్వెట్టర్‌కు ఉన్న పెద్ద సౌకర్యం, మధ్యలో వేసుకుని చూసుకోగలగడం. అయితే కుట్లు పొట్టి కేబుల్ మీద ఇరుక్కుని ఉంటే వేసుకున్నా కొలత తెలియదు. ఒక మొనను విప్పి, కనెక్టర్‌తో ఇంకో కేబుల్ కలిపి, కుట్లను దాని మీదికి పరిస్తే వస్త్రం తన పూర్తి వెడల్పుకు విచ్చుకుంటుంది. చంక దగ్గర బిగుతుందో లేదో, నడుము ఎక్కడ మొదలవాలో అప్పుడు కళ్లకు కనబడుతుంది. అర్ధచంద్రాకారపు శాలువా చివరి వరుసల్లో కుట్లు వందలకు వందలు పెరిగినప్పుడు కూడా ఇదే పద్ధతి ఆదుకుంటుంది.

మొనలు ఊడదీసే వీలు వచ్చాక కొత్తగా పుట్టే ప్రమాదం ఒకటుంది. సూది పనిలోనే ఉన్నంతకాలం సైజేమిటో సూదే చెబుతుంది. స్టాపర్లతో ఆపిన పనికి ఆ సాక్ష్యం ఉండదు. అందుకే మొన తీసిన వెంటనే ఒక చిన్న కాగితం ముక్క మీద సైజు, ఎన్నో వరుసలో ఆగింది, తరువాతది నిట్ (సూటి కుట్ల) వరుసా పర్ల్ (ఉల్టా కుట్ల) వరుసా అన్నవి రాసి కేబుల్‌కు కట్టడం తప్పనిసరి. సైజు రాసేటప్పుడు మిల్లీమీటర్లలోనే రాయాలి. అమెరికా లెక్కలో 8వ నంబరు అంటే 5 మి.మీ. సూది, పాత బ్రిటిష్ లెక్కలో అదే 8వ నంబరు 4 మి.మీ. సూది. పైగా అమెరికా లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది లావెక్కుతుంది, బ్రిటిష్ లెక్కలో సన్నబడుతుంది. ఒక్క సైజు తేడాలో ఏముంది అనుకోవడానికి లేదు. 10 సెం.మీ.లకు 22 కుట్లు రావలసిన అల్లికలో 220 కుట్లు వేస్తే చుట్టుకొలత 100 సెం.మీ. వస్తుంది. సూది కాస్త లావై అదే 10 సెం.మీ.లకు 20 కుట్లే వస్తే, అవే 220 కుట్లు 110 సెం.మీ. అవుతాయి. అంటే ఒకరికి అల్లినది ఇంకొకరికి సరిపోయేంత తేడా. మంచి సెట్‌లో ప్రతి మొన మీదా సైజును చెరిగిపోని విధంగా చెక్కుతారు. పైపైన అచ్చు వేసిన అంకెలు వాడకంలో అరిగిపోతాయి, కొనేముందు ఇది తప్పక చూడాలి.

ఇక నాణ్యత. ఈ రకం సూదుల మంచిచెడ్డలన్నీ ఒకే చోట తేలతాయి, మొన కేబుల్‌తో కలిసే అతుకు దగ్గర. లావైన మొన నుంచి సన్నని కేబుల్‌కు దిగే ఆ చోటు నున్నగా, మెట్టు లేకుండా ఉండాలి. పరీక్షించడం సులువే: కళ్లు మూసుకుని గోటిని మొన నుంచి కేబుల్ వైపు, మళ్లీ కేబుల్ నుంచి మొన వైపు నడిపించాలి. గోరు ఎక్కడ తట్టుకుంటుందో నూలు కూడా అక్కడే తట్టుకుంటుంది. మందపాటి ఉన్నితో అల్లేటప్పుడు ఆ చిన్న మెట్టును పట్టించుకోకపోయినా నడుస్తుంది. సన్నని మొహేర్ (మేక బొచ్చు నూలు) పోగుతో అల్లేటప్పుడు మాత్రం ప్రతి వరుసలో ప్రతి కుట్టునూ వేలితో తోసుకుంటూ పోవాల్సివచ్చి, ఆ పని మీదే విసుగు పుడుతుంది. నా సెట్‌లో చాలా అతుకులు నున్నగానే ఉన్నాయి గానీ, ఒక కేబుల్ చివర చిన్న గరుకు ఉంది. దాన్ని జాలీ పనులకు వాడకుండా దుప్పటికే కేటాయించాను.

రెండో విషయం మర వదులవడం. అల్లేటప్పుడు చేతులు తెలియకుండానే మొనల్ని కొంచెం కొంచెంగా తిప్పుతుంటాయి. చేత్తో మాత్రమే బిగించిన మర అలా మెల్లగా విప్పుకుంటుంది. మొదట ఆ సందులో నూలు చిక్కుకుంటుంది, గమనించకపోతే మొన ఊడి కుట్లు జారతాయి. పిన్ను పెట్టి పావు చుట్టు అదనంగా బిగిస్తే ఈ సమస్య చాలావరకు ఉండదు. అయినా మొదలుపెట్టిన ప్రతిసారీ వేళ్లతో ఒకసారి తాకి చూసుకోవడం మంచి అలవాటు. మర బదులు నొక్కి తిప్పితే పట్టుకునే రకం బిగింపులు కూడా ఉన్నాయి. ఆడీ క్లిక్ సూదులు ఆ కోవలోవి, వాటికి పిన్ను అక్కరలేదు. చేతి పట్టు తగ్గినవారికి, కీళ్లనొప్పులు ఉన్నవారికి ఆ పద్ధతి సుఖంగా ఉంటుంది.

కేబుల్ స్వభావం మూడోది. డబ్బాలో చుట్టి ఉన్న నైలాన్ కేబుల్ బయటికి తీశాక కూడా ఆ చుట్టలోనే ఉండాలని చూస్తుంది. అల్లుతుంటే పాములా మెలికపడి చేతికి అడ్డం వస్తుంది. వేడి నీటిలో కాసేపు ఉంచి, తీసి, చక్కగా సాగదీసి చల్లారనిస్తే కొంతకాలం మాట వింటుంది. ఉక్కు తీగల మీద నైలాన్ పూత వేసిన చియావ్‌గూ ఎర్ర కేబుళ్లకు ఈ మెలిక బాధ బాగా తక్కువ. మొన స్థిరంగా ఉండి కేబుల్ మాత్రమే తిరిగే రకాలు కూడా ఉన్నాయి. గుండ్రంగా అల్లేవారికి వాటి విలువ వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఒకే దిశలో తిరిగే పనిలో మెలికలు పోగుపడకుండా అవి చూసుకుంటాయి.

పిన్ను దూర్చే రంధ్రం గురించి ఇంతకుముందు చెప్పాను. దానికి ఇంకో ప్రయోజనం ఉంది, నా దృష్టిలో ఈ సెట్ మొత్తంలో అది అన్నిటికంటే గొప్పది. జాలీ అల్లేవారు చాలామంది లైఫ్‌లైన్ వేస్తారు. అంటే తప్పు జరిగితే అక్కడిదాకా నిర్భయంగా విప్పుకునేందుకు వీలుగా, సరిగా ఉన్నాయని తేలిన ఒక వరుసలోని కుట్లన్నిటి గుండా ఒక సన్నని దారం పోనిస్తారు. మామూలుగా ఆ పని మొద్దుమొన సూదితో, కుట్టు కుట్టుకూ ఆగుతూ చేయాలి. ఈ సెట్‌లో అయితే వరుస మొదలుపెట్టేముందు కుడిచేతి మొన కింది రంధ్రంలోకి వేరే రంగు నున్నని కాటన్ దారం ఎక్కించి, ఎప్పటిలాగే అల్లుకుంటూ పోతే చాలు. కుట్లు మొన దాటి కేబుల్ మీదికి జారేటప్పుడు దారం వాటి వెంట తనంతట తానే లోపలికి వెళుతుంది. వరుస ముగిశాక దారం రెండు కొసలూ బయటికి పొడవుగా ఉండేలా చూసి రంధ్రం నుంచి తీసేయాలి. మార్కర్ల గుండా మాత్రం దారం పోకుండా వాటిని ఒక పక్కకు తీసిపెట్టుకోవాలి, లేకపోతే తరువాతి వరుసలో మార్కర్లు అక్కడే బంధీ అవుతాయి. డిజైను ఒక ఆవృత్తి పూర్తయిన ప్రతిసారీ ఈ దారం మారుస్తూ పోతే, ఎన్ని రోజుల తరువాత శాలువాను మళ్లీ ఎత్తుకున్నా భయం ఉండదు. ఎక్కడ ఆగామో గుర్తులేకపోయినా, దారం దాకా విప్పి లెక్క మొదటి నుంచి పట్టుకోవచ్చు. నాలుగు పనుల మధ్య తిరిగేవారికి ఇంతకంటే ధైర్యమిచ్చే సాధనం ఇంకొకటి లేదు.

అందరికీ తెలియని మరో సౌలభ్యం, రెండు చివరలా రెండు సైజులు తగిలించుకోగలగడం. చాలామందికి నిట్ వరుసకంటే పర్ల్ వరుస కొంచెం వదులుగా వస్తుంది. అటూ ఇటూ తిప్పి అల్లిన సాదా గుడ్డలో వెనకవైపు చూస్తే రెండేసి వరుసలకు మధ్య చారల్లా సందులు కనబడేది అందుకే. పర్ల్ వరుస అల్లే మొనను పావు లేదా అర మిల్లీమీటరు సన్నది పెట్టుకుంటే ఆ తేడా సర్దుకుంటుంది. మొనలు ఊడని సర్క్యులర్ సూదులతో ఇది వీలుకాదు.

మొనల పదార్థం ఏది మంచిదన్న ప్రశ్నకు నూలును బట్టి జవాబు చెప్పాలి. పట్టు, వెదురు నూలు, మెర్సరైజ్డ్ కాటన్ వంటి జారే పోగులకు చెక్క లేదా వెదురు మొనలు పట్టు ఇస్తాయి. ఉన్నికి సహజంగానే పట్టు ఎక్కువ కాబట్టి దానికి ఉక్కు మొనలు వేగాన్నిస్తాయి. పదునైన మొన జాలీకి, మూడు కుట్లు కలిపి అల్లే చోట్లకు మేలు. మెలి తక్కువ ఉన్న నూలును మాత్రం అదే పదును పోగులు పోగులుగా చీల్చేస్తుంది. సన్నని సైజుల చెక్క మొనలు బిగుతుగా అల్లేవారి చేతిలో విరిగే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి మీ పనుల్లో 4 మి.మీ. లోపువే ఎక్కువైతే లోహం ఎంచుకోవడమే క్షేమం.

లోపాల్లో మొదటిది, మేజోళ్లకు ఈ సెట్ పనికిరాదు. మేజోళ్లకు సాధారణంగా 2.25 నుంచి 2.75 మి.మీ. వరకు సూదులు కావాలి. పూర్తి సెట్‌లు ఎక్కువగా 3 లేదా 3.5 మి.మీ. దగ్గరే మొదలవుతాయి. ఇంకా సన్నని మొనలకు చిన్న మర ఉన్న సెట్‌లు విడిగా దొరుకుతాయి గానీ, వాటి కేబుళ్లు పెద్ద మొనలకు పట్టవు. కొన్ని కంపెనీలు ఒకే వరుసలోని సూదుల్లో కూడా సన్నవాటికి ఒక మర, లావైనవాటికి ఇంకో మర పెడతాయి. కొత్త కేబుల్ కొనేముందు అది ఏ మరో సరిచూసుకోకపోతే ఇంటికి వచ్చాక బిగించడానికి ఉండదు. చిన్నపిల్లల టోపీలు, మెడపట్టీలు అల్లడానికి కావలసిన 40 సెం.మీ. వలయం కూడా మామూలు మొనలతో రాదు, దానికి పొట్టి మొనలు వేరుగా కావాలి. కేబుల్ పొడవులు రాసే తీరులో కూడా ఏకరూపత లేదు. కొందరు మొనలతో కలిపి వచ్చే పొడవు రాస్తారు, అప్పుడు 80 సెం.మీ. అని రాసిన కేబుల్ విడిగా కొలిస్తే 56 సెం.మీ. దగ్గర ఉంటుంది. మరికొందరు కేబుల్ పొడవునే రాస్తారు.

నన్ను నిజంగా అసంతృప్తి పరిచినది మాత్రం సెట్ కూర్పు. మొనల జతలు ఎనిమిదో తొమ్మిదో ఇచ్చి, కేబుళ్లు మూడు నాలుగుతో సరిపెడతారు. ఒక్కసారి ఒకే పని చేసేవారికి అది చాలు. పనులను కేబుళ్ల మీద ఆపుకునేవారికి తరగిపోయేవి కేబుళ్లే, మొనలు కావు. అన్నిటికీ అవే పొడవులు ఇవ్వడం కూడా సరికాదు. స్వెట్టర్ మొండేనికి 80 సెం.మీ., దుప్పటికి 100 లేదా 120 సెం.మీ., చేతులకు సన్నని మెత్తని కేబుల్ కావాలి. సంచీ, డబ్బా అందంగా ఉండేలా తీసుకున్న శ్రద్ధలో కొంత దీని మీద పెట్టి ఉంటే బాగుండేది.

క్రోషే మాత్రమే చేసేవారికి ఈ సెట్ అవసరం లేదు. ట్యునీషియన్ క్రోషే చేసేవారి సంగతి వేరు, అందులో ముందుకు వెళ్లే వరుసలో ముడులన్నీ కొక్కెం మీదే నిలుస్తాయి కాబట్టి, ఇవే కేబుళ్లకు తగిలే కొక్కేలు కొన్ని కంపెనీల దగ్గర విడిగా దొరికితే పెద్ద దుప్పట్లకు బాగా పనికివస్తాయి. ఎంబ్రాయిడరీ, క్రాస్ స్టిచ్ పనులకు దీనితో సంబంధం లేదు. వాటిని ఆపేటప్పుడు ఫ్రేము విప్పేసి ఉంచడం, లేకపోతే గుడ్డ మీద వలయం ముద్ర పడి ఉతికినా సులభంగా పోకపోవడం, ఇక్కడ ఒక్క మాటగా చెప్పి ఊరుకుంటాను.

మీరు చేతిలో రెండుకు మించి నిట్టింగ్ పనులు ఉంచుకునేవారైతే ఈ రకం సూదులు తప్పక కొనండి, కానీ పూర్తి సెట్‌తో మొదలుపెట్టకండి. మీ నూలు నిల్వలో ఎక్కువగా ఉన్న మందానికి తగిన రెండు మూడు మొనల జతలు విడిగా తీసుకోండి. డీకే అనే మధ్యస్థపు నూలుకైతే 3.75 నుంచి 4.5 మి.మీ. మధ్యవి, దానికంటే కాస్త మందమైన వర్స్‌టెడ్‌కైతే 4.5 నుంచి 5.5 మి.మీ. మధ్యవి సరిపోతాయి. వాటికి మీ పనులను బట్టి నాలుగు కేబుళ్లు, ప్రతి కేబుల్‌కు ఒక జత స్టాపర్లు కొనండి. గేజ్ (10 సెం.మీ.లకు ఎన్ని కుట్లు వస్తాయో) చూసే నమూనా ముక్కను వాటి మీదే అల్లి, అతుకు మీ చేతికీ మీ నూలుకూ నచ్చిందని తేలాక మిగతా సైజులు అదే కంపెనీవి, అదే మరవి ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు.